గడియ లేని తలుపు

మొగలిపాలెంలో ఇల్లు అమ్మాలంటే మూడు కావాలి. కొనేవాడి చేతిలో సొమ్ము, అమ్మేవాడి నోట మాట, పొరుగువాడి కాళ్ళు. మొదటి రెండూ ఎలాగో దొరుకుతాయి. మూడోదాని దగ్గరే వస్తుంది తంటా అంతా. కులపెద్ద చూస్తుండగా పొరుగువాడు అమ్మేవాడితో కలిసి హద్దు చుట్టూ నడవాలి. అప్పుడు గానీ కొనేవాడి చేతిలో నీళ్ళు ధార పొయ్యకూడదు. పొరుగువాడు కాలు కదపకపోతే ఆ అమ్మకం నీళ్ళ మీద రాతే. కుంఫిణీవారి కాగితాలు రాజోలులో ఎంత చెల్లినా, గోదారి సముద్రంలో కలిసే మొగకి కూతవేటు దూరంలో ఉన్న ఆ పాలెంలో వాటిని చుట్ట ముట్టించుకోవడానికి తప్ప ఎవరూ వాడేవారు కారు.

సత్తియ్యకి సొమ్మిచ్చేవాడు దొరికాడు. తను మాట ఇచ్చేశాడు కూడా. పొరుగు వీరన్న కాళ్ళు మాత్రం కదలలేదు.

"నేను బతికుండగా ఆ హద్దు తొక్కనురా సత్తియ్యా. ఇంక నన్నడక్కు," అన్నాడు వీరన్న. అని, పేనుతున్న తాడు మళ్ళీ పేనుకోవడం మొదలుపెట్టాడు.

వీరన్న కోపిష్టివాడు కాదు. అరిస్తే తిరిగి అరవొచ్చు, తిడితే తిట్టొచ్చు. మెత్తగా కాదన్నవాణ్ణి ఏం చెయ్యాలి? సత్తియ్యకి ఒళ్ళు మండిపోయింది.

సత్తియ్య ఇల్లు మిట్ట మీద ఉంటుంది. పాలెం మొత్తానికి అదొక్కటే మెరక. మిగతా ఇళ్ళన్నీ ఇసకలో, మొగలిపొదల మధ్య, పెద్ద పోటు వచ్చిందంటే గుమ్మం తడిసేంత పల్లంలో ఉంటాయి. పదేళ్ళనాటి పెద్దుప్పెనలో ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోతే, మొగలిపాలెంలో మిగిలినవాళ్ళు మిగిలింది ఈ మిట్ట మీదే. ఆ వేళ సత్తియ్య తండ్రి తన పెరటి తలుపు గడియ ఊడబీకి నీళ్ళలోకి విసిరేశాడు. "ఈ తలుపుకి ఇంక గడియ ఉండదు. ఎవరొచ్చినా తోసుకుని రావడమే," అన్నాడు. ఆ పెద్దాయన పోయాడు గానీ ఆ మాట పోలేదు. అమావాస్య అమావాస్యకీ వీరన్న చిన్న గిన్నెలో కొబ్బరినూనె పట్టుకుని మిట్ట ఎక్కి వచ్చి, తలుపు తిరిగే రాతిగుంటలో నూనె పోసి, ఒకటి రెండుసార్లు తీసి, వేసి చూసుకుని పోతాడు. వానలకి చెక్క ఉబ్బి బిగుసుకుపోతే కావలసిన సమయానికి తెరుచుకోదని అతని భయం. ఉప్పెన రోజున అతని భార్య మంగాయమ్మ కూతుర్ని ఆ తలుపులోంచే లోపలికి అందించింది. కొడుకుని అందించేలోపల చెయ్యి జారింది. కూతురు ఇప్పుడు అంతర్వేది దగ్గర అత్తారింట్లో ఉంది. కొడుకు మాట ఆ దంపతులు ఎత్తరు.

అందరినీ బతికించిన ఆ తలుపంటేనే సత్తియ్య భార్య అచ్చాయమ్మకి ప్రాణభయం.

ఆమె ఉప్పెన తరవాత కాపరానికి వచ్చిన మనిషి. ఎగువన వాడపల్లి దగ్గర, తియ్యటి నీళ్ళ ఒడ్డున పుట్టింది. ఆ ఇంట్లో ఇద్దర్ని కన్నది. ఇద్దరూ పురిటి రోజులు దాటకుండానే పోయారు. రెండో బిడ్డ పోయిన తెల్లవారుజామున పెరటి తలుపు బార్లా తెరిచి ఉందనీ, గుమ్మం లోపల నేల తడిసి ఉందనీ ఆమె చెబుతుంది. వాన జల్లు కొట్టి ఉంటుందన్నాడు సత్తియ్య. ఆ వేళ వాన లేదంది ఆమె.

"ఆరోజు లోపలికి రాలేకపోయినోళ్ళు ఇంకా వత్తానే ఉన్నారయ్యా," అనేది. "తలుపు తీసే ఉంది కదా మరి, రాక ఏం చేత్తారు? నేను ఈ కడుపు ఈ ఇంట్లో కనను. ఏ చెట్టు కిందో కంటాను గానీ ఇక్కడ కనను."

ఇప్పుడామెకి ఏడో నెల నిండబోతోంది. పుట్టింట్లో తల్లీ తండ్రీ లేరు. అన్న వీరబాబు ఒక్కడే ఉన్నాడు. ధవళేశ్వరంలో దొరలు గోదారికి అడ్డంగా ఆనకట్ట కడుతుంటే అక్కడికి రాయి మోసే పడవ మీద పనివాడు. అతనికి పడవే ఇల్లు. గన్నవరం దగ్గర కాలవ తవ్వుతున్నారనీ, ముందు ముందు కాలవ పడవలదే కాలమనీ, సత్తియ్య కాస్త సొమ్ముతో వస్తే ఇద్దరూ కలిసి ఒక పడవ కొనుక్కోవచ్చనీ, ఒడ్డున పాక వేసుకోవచ్చనీ కబురు పంపాడు. సొమ్ము రావాలంటే ఇల్లు అమ్మాలి. ఇల్లు అమ్మాలంటే వీరన్న నడవాలి.

సత్తియ్య ఒకసారి ఊరుకున్నాడు. రెండోసారి ఆగలేక వీరన్న ముంగిట చతికిలబడ్డాడు.

"బాబాయ్, నీకు నేనేం అపకారం చేసేను?"

"నువ్వేం చెయ్యలేదురా."

"మరి నా ఇల్లు నేనమ్ముకుంటే నీకేంటి?"

"ఇల్లు నీదేరా. కాదన్నవాడెవడు? అమ్ముకో, తగలెట్టుకో. తలుపు మాత్రం నీది కాదు." వీరన్న తాడు పక్కన పెట్టాడు. "కొంటానన్న ఆ దొరబాబు గారు ఇక్కడేం కడతారో అడిగేవా?"

"కొబ్బరికాయల కొట్టు కడతారంట."

"చుట్టూ గోడ కట్టకుండా కొట్టు కట్టేవాణ్ణి ఎక్కడైనా చూసేవా? గోడకి తలుపుంటాది. తలుపుకి తాళం ఉంటాది. తాళం చెయ్యి అమలాపురంలో ఉంటాది. సముద్రం పైకొచ్చిన రోజున మేవంతా అమలాపురం ఎల్లి తాళం చెయ్యి అడగాలా?"

నిజమే కదా. నిజమైన మాట అంటే మనిషికి ఎంత కోపమో! సత్తియ్య లేచి దులుపుకుని వచ్చేశాడు.

దొరబాబుని అడిగి చూశాడు. ఆయన అమలాపురం వర్తకుడు. మనిషి పెరుగన్నమంత చల్లగా మాట్లాడతాడు.

"గోడ లేకుండా ఎలాగండీ? కాయలు కాకులెత్తుకుపోవు గానీ మనుషులెత్తుకుపోతారు కదండీ," అన్నాడు. "ఉప్పెన వచ్చినప్పుడు చూద్దాం లెండి. మీరు హద్దు తొక్కించండి చాలు. కార్తీకం వెళ్ళేలోగా కాకపోతే నేను వేరే చోటు చూసుకుంటానండీ, ఏమనుకోకండి."

అప్పటినుంచి వీరన్న సాయంత్రమయ్యేసరికి రెండిళ్ళ మధ్య హద్దు మీద కూచుని తాడు పేనేవాడు. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. మధ్య మధ్య తలెత్తి తూర్పు వైపు చూసేవాడు. ఆ చూపు చూసి అచ్చాయమ్మ ఇంట్లో దీపం పెట్టడానికి కూడా వణికేది. ఆ అమావాస్యకి కూడా అతను నూనెగిన్నెతో వచ్చాడు. తలుపు తీశాడు, వేశాడు. ముందైతే కిర్రుమని చప్పుడు చేసేది. ఈమధ్య అదీ లేదు. అతను వెళ్ళిపోయాడో లేదో తెలియక అచ్చాయమ్మ పొయ్యి దగ్గర కూచుని కడుపు రెండు చేతులతో పట్టుకుని ఊపిరి బిగబట్టింది.

"ఆయన దేనికోసమో తలుపు తెరిచి పెడతన్నాడు," అంది సత్తియ్యతో. "ఏదో రావాలని చూత్తన్నాడు."

"ఛ, ఊరుకో," అన్నాడు సత్తియ్య. కానీ లేచి వెళ్ళి తలుపు మూసే ఉందో లేదో చూసి వచ్చాడు.

ఇక కులపెద్ద ముత్యాలరాజు దగ్గరికి వెళ్ళాడు. ముసలాయన కళ్ళకి పొరలు కమ్మి మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకునేవాడు. కానీ కట్టుబాట్లు మాత్రం వేలి కొసల మీద ఉండేవి.

"పొరుగోడు నడవకపోతే అమ్మకం లేదురా. నేనేం చెయ్యను?" అన్నాడు.

"ఊళ్ళో లేకపోతేనో తాతా?"

ఎందుకడిగాడో సత్తియ్యకే తెలీదు.

"ఊళ్ళో లేకపోతే తెడ్డు ఉంది కదరా. తెలీనట్టు అడుగుతావేంటి?"

తెలుసు. మొగలిపాలెంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ప్రతి మగవాడికీ రెండు తెడ్లు ఉంటాయి. ఒకటి నావతో సముద్రం మీదకి పోతుంది. రెండోది ఇంటి చూరుకి ఆనించి ఉంటుంది. మనిషి వేటలో ఉంటే ఇంటి దగ్గర తెడ్డే మనిషి. పెళ్ళిలో పీట మీద కూచునేది అదే, పంచాయితీలో మాటకి నిలబడేది అదే. అయితే దాన్ని భార్య తన చేత్తో తీసి ఇవ్వాలి, పని అయ్యాక తన చేత్తో అందుకుని చూరుకి ఆనించాలి. ఈ మధ్యలో తెడ్డు నేలలో దిగకూడదు. వేటకి పోయి తిరిగి రాని మనిషి తెడ్డునే నేలలో పాతుతారు, వెడల్పాటి ఆకు కొస పైకి ఉండేలాగ. పీనుగు దొరకనివాడికి అదే సమాధి.

కార్తీకం సగం గడిచింది. ఒక తెల్లవారుజామున వీరన్న తన జట్టుతో మొగ దాటి వేటకి పోయాడు. వెళ్ళేటప్పుడు ఆకాశం ఒకలాగ ఉంది, పొద్దెక్కేసరికి ఇంకొకలాగ అయింది. మంగాయమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని రాజోలు సంతకి వెళ్ళింది. చూరుకి ఆనించిన తెడ్డు ఒక్కటే ఆ ఇంటికి కాపలా.

సత్తియ్య ఆ తెడ్డు వంక చాలాసేపు చూశాడు. మంగాయమ్మని అడిగితే ఇవ్వదు. మొగుడు కాదన్నదానికి ఆవిడ ఔననదు. అడగకుండా తీస్తే దొంగతనం. తియ్యకపోతే ఇంట్లో అచ్చాయమ్మ. ఆ పొద్దున్నే ఆమె చాప మీంచి లేస్తూ, "ఈసారి పోతే బిడ్డ ఒక్కటే పోదు," అంది. మామూలుగా, నీళ్ళు కాగేయని చెప్పినట్టు అంది.

తెడ్డు తీశాడు. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

ఆఖరి మాట తేల్చుకుపోవడానికి వచ్చిన దొరబాబు అప్పటికే పడవ దిగి ఎదురుచూస్తున్నాడు. ముత్యాలరాజుని చెయ్యి పట్టుకుని మిట్ట దగ్గరికి తీసుకొచ్చారు. ముసలాయన తెడ్డుని తడిమి చూసి, పిడి దగ్గర వీరన్న చెక్కుకున్న గుర్తు వేళ్ళతో పోల్చుకున్నాడు.

"మంగాయమ్మ తన చేత్తో ఇచ్చిందా?"

"ఆయ్. సంతకెల్తా ఇచ్చి ఎల్లింది తాతా."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే సత్తియ్యకే ఆశ్చర్యమేసింది. వెంటనే తూర్పు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. దొరబాబు పైపంచె పొదల్లోకి ఎగిరిపోయింది. "త్వరగా కానివ్వండీ," అన్నాడాయన.

హద్దు వెంట పసుపు చల్లుకుంటూ నడిచారు. సత్తియ్య ఒక భుజం మీద తన తెడ్డు, ఒక భుజం మీద వీరన్న తెడ్డు పెట్టుకుని హద్దు చుట్టూ తిరిగి వచ్చాడు. ధార పొయ్యడానికి రెండు చేతులూ కావాలి. తన తెడ్డు పక్కన పడేశాడు. పొరుగువాడి తెడ్డు పడుకోబెట్టకూడదు, అది మనిషి కదా. ఆనించడానికి దగ్గరలో గోడ లేదు. ఒక్క క్షణమే కదా అనుకుని, హద్దు దగ్గర మెత్తటి నేలలో పిడి గుచ్చి నిలబెట్టాడు. చెంబుతో దొరబాబు దోసిట్లో నీళ్ళు పోశాడు. పోస్తుండగానే వాన అందుకుంది. ఆ వాన చినుకులుగా మొదలవలేదు, కుండలతో గుమ్మరించినట్టే వచ్చింది. ముసలాయన్ని ఎత్తుకున్నంత పని చేసి ఇంటికి చేర్చారు. దొరబాబు పడవ వైపు పరిగెత్తాడు. సత్తియ్య ఇంట్లోకి పరిగెత్తి, "అయిపోయిందే, మనం ఎల్లిపోతన్నాం," అన్నాడు. అచ్చాయమ్మ నవ్వింది. రెండేళ్ళయింది ఆ మనిషి నవ్వి. ఆ నవ్వు ముందు సత్తియ్యకి తెడ్డూ గుర్తు లేదు, సముద్రమూ గుర్తు లేదు. మూటలు కట్టడానికి కూచున్నాడు.

సందె వేళకి గాలి మరీ పెరిగింది. మంగాయమ్మ ఖాళీ గంప తలమీద బోర్లించుకుని, వానలో తడుస్తూ సంత నుంచి తిరిగి వచ్చింది. ఇంటి చూరు కింద తెడ్డు లేదు. తలతిప్పి చూస్తే మిట్ట కింద, హద్దు మీద, ఆకు పైకి పెట్టి నేలలో పాతి ఉంది. చుట్టూ, సమాధికి చల్లినట్టు, వానకి పోగా మిగిలిన పసుపు జాడ ఉంది. అది హద్దుకి చల్లిన పసుపని ఆమెకేం తెలుసు?

ఆ కేక విని సత్తియ్య చేతిలో మూట జారిపోయింది. ఆ కేకతోనే అతనికి అంతా గుర్తొచ్చింది.

పరిగెత్తాడు. అతను చేరేసరికే పాలెంలో ఆడవాళ్ళు గుమిగూడారు. మంగాయమ్మ తెడ్డుని కావలించుకుని కూలబడింది. ఎడమచేతి గాజులు తెడ్డుకేసి కొట్టుకుంది. అవి అప్పటికే ముక్కలై బురదలో ఉన్నాయి. కుడిచెయ్యి ఎత్తి ఉంది.

ఒకావిడ సత్తియ్య వైపు తిరిగింది. "ఏరా అబ్బాయ్, కబురు నీకేనా వచ్చింది? ఎవరు తెచ్చేరు? నావ బోల్తా పడిందా?"

అందరూ అతని వైపే చూశారు. మంగాయమ్మ కూడా చూసింది. చెయ్యి ఎత్తి ఉంచే చూసింది. లేదు పిన్నీ అని అతను ఒక్క మాట అంటే చాలు, ఆ చెయ్యి దిగిపోతుంది. అంటే మరి తెడ్డు ఎవరు తీశారు? ఎవరు తీసి ఇచ్చారు? అమ్మకం పోతుంది, అబద్ధం బయటపడుతుంది, అచ్చాయమ్మ నవ్వు పోతుంది. అయినా ఈ గాలిలో వీరన్న తిరిగి వస్తాడని ఎవడు చెప్పగలడు? నిజంగానే పోయాడేమో. పోయే ఉంటాడు. అలా అనుకుంటున్నప్పుడు తన గుండెలో ఏ మూలో చిన్న ఆశ లాంటిది కదలడం సత్తియ్యకి తెలిసింది. తెలిసి భయమేసింది.

తల దించుకున్నాడు.

దించిన తలే జవాబైంది. కుడిచేతి గాజులు కూడా పగిలాయి. ఆడవాళ్ళు ఆమెని లేపి నీళ్ళ దగ్గరికి నడిపించుకుపోయారు. బొట్టు చెరపనక్కర్లేకపోయింది, వానే చెరిపేసింది.

సత్తియ్య ఇంటికి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు.

"అత్త ఎందుకేడుత్తంది?" అంది అచ్చాయమ్మ.

"వీరన్న బాబాయ్ రాడంట."

ఆమె కట్టిన మూట వదిలేసి లేచి నిలబడింది. "అయితే రేపే ఎల్లిపోదాం. ఆయన వచ్చేలోగా."

"రాడంటన్నాను కదే."

"అందుకే," అంది అచ్చాయమ్మ, పెరటి తలుపు వైపు చూస్తూ.

మర్నాడు వెళ్ళలేకపోయారు. ఏటిలో పడవ వేసే సాహసం ఎవరూ చెయ్యలేదు. ఆ మర్నాడూ అంతే. గాలి తగ్గాక, నీళ్ళు ఇంకా ఎర్రగా సుళ్ళు తిరుగుతుండగా, ఒక మిట్టమధ్యాహ్నం మొగ వైపు నుంచి తెరచాప లేని నావ ఒకటి మెల్లగా తోసుకుంటూ వచ్చింది. కొయ్య విరిగిపోయింది గానీ నలుగురు మనుషులకి నలుగురూ ఉన్నారు. ముందు కూచున్నవాడు వీరన్న. ఎక్కడో ఇసకదిబ్బ మీద తలదాచుకుని బతికి వచ్చారు.

ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక్కరూ ఎదురు వెళ్ళలేదు. పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. మిగతా ముగ్గురి పెళ్ళాలూ ఏడుస్తూ వచ్చి వాళ్ళని పట్టుకున్నారు. వీరన్న చుట్టూ మాత్రం ఖాళీ మిగిలింది. అతను నవ్వబోయి, ఆపి, తన ఇంటి వైపు నడిచాడు. గుమ్మంలో మంగాయమ్మ నిలబడి ఉంది. అతని కళ్ళు ఆమె మొహం మీంచి చేతుల మీదకి దిగాయి. ఆమె ముసుగు కిందకి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది.

"మంగా," అన్నాడు వీరన్న.

ఆమె భుజాలు కదిలాయి గానీ తిరగలేదు. తిరగకూడదు. నీళ్ళు వదిలేసిన మొగుణ్ణి చూడకూడదు.

సాయంత్రం లోపలే నిజం బయటపడింది. మంగాయమ్మ తెడ్డు ఇవ్వలేదని ఆమే చెప్పింది. ముత్యాలరాజు తెడ్డు పాతిన చోట నిలబడి, పొరలు కమ్మిన కళ్ళతో సత్తియ్య గొంతు కోసం వెతికాడు.

"నాకు అబద్ధం చెప్పేవురా?"

"చెప్పేను తాతా."

"తెడ్డు పాతింది నువ్వేనా?"

"నేనే. పాతాలని పాతలేదు తాతా. వాన..."

"వాన పాతలేదు కదరా."

ముసలాయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని సత్తియ్యకి అనిపించింది.

"పాతిన తెడ్డు చచ్చినోడి తెడ్డు. చచ్చినోడు పొరుగోడు కాడు. హద్దు తొక్కినట్టు కాదు, అమ్మకం లేదు," అన్నాడు ముత్యాలరాజు. "ఇంక వీరన్న మాట. ఏడ్చేసిన ఇంటికి ఏడిపించుకున్నోడు తిరిగి పోకూడదు. తెడ్డు పాతినోడి ఇంట్లోనే ఉండాలి, ఆడి కూడే తినాలి. మంగాయమ్మ ఉన్నన్నాళ్ళూ అంతే. నా తాతలనాడు ఒకడికి ఇలాగే జరిగింది. ముసలాడై పోయేదాకా పాతినోడి పంచనే ఉన్నాడు. పాతినోడు పాలెం దాటి ఎక్కడికీ ఎల్లకూడదు. నువ్వే తీసుకెల్లు."

"తాతా, నా ఇంటిది..." సత్తియ్య ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఏడో నెల, తాతా. అది తట్టుకోలేదు. నన్నేమైనా చెయ్యండి. దాన్ని ఈ ఒక్కసారికి..."

"నాకు తెలుసురా," అన్నాడు ముసలాయన. "ముందరి గుమ్మంలోంచి తీసుకెల్లకు. పెరటి తలుపులోంచి తీసుకెల్లు."

దొరబాబుకి కబురు చేరింది. చచ్చినవాడు కాపరం ఉండే ఇంట్లో కొబ్బరికాయలు పెడితే కొనేదెవరండీ అని, ఇచ్చిన బయానా కూడా అడక్కుండా ఊరుకున్నాడు. అంత మర్యాదస్తుడు.

సత్తియ్య ముందు నడిచాడు. వీరన్న వెనక వచ్చాడు. మిట్ట మెట్లు ఎక్కుతుండగా వీరన్న ఆగి, తన ఇంటి వైపు ఒకసారి తిరిగి చూశాడు. పొయ్యి పొగ వస్తోంది. ఎవరికోసం వండుతోందో పాపం.

"నాకూ ఇష్టం లేదురా సత్తియ్యా," అన్నాడు. "నీ పెళ్ళానికి నేనంటే భయం. నాకు తెలుసు."

సత్తియ్య అతని కాళ్ళు పట్టుకోబోయాడు. వీరన్న వెనక్కి తగ్గాడు. "వద్దు. చచ్చినోడి కాళ్ళు పట్టుకోకూడదు."

పెరటి తలుపు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. వీరన్న తలుపు చెక్క మీద చెయ్యి వేసి, అలవాటుగా రాతిగుంటలోకి వంగి చూశాడు. నూనె ఇంకా ఉంది.

"ఇన్నేళ్ళూ పోసేను," అన్నాడు. "ఎవరికోసమో అనుకున్నాను."

సత్తియ్య తోశాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

అచ్చాయమ్మ లోపల మూటల మధ్య కూచుని ఉంది. గుమ్మంలో వెలుతురుకి అడ్డంగా నిలబడ్డ మనిషిని చూసింది. ఇంకా ఆరని బట్టల నుంచి ఉప్పునీళ్ళు కారి గడప లోపల నేల తడిసింది. ఆమె అరవలేదు. కాళ్ళు దగ్గరికి లాక్కుని, కడుపు మీద చేతులు వేసుకుని, ఆ తడినే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మాయ్, భయపడకమ్మా," అన్నాడు వీరన్న. గొంతు ఎంత మెత్తగా చేసుకోగలడో అంత మెత్తగా చేసుకుని అన్నాడు. "నన్ను చూడు. నేను చచ్చిపోలేదు తల్లీ. గాలికి దిబ్బెక్కి కూచున్నాం, అంతే. నేను చచ్చినోణ్ణి కాను."

అచ్చాయమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"మరి అత్త గాజులేవి మావయ్యా?" అంది.

వీరన్న మెల్లగా గోడ వారన కూచుని మోకాళ్ళలో తల దాచుకున్నాడు.

అంతలో అచ్చాయమ్మ పెదవి కొరుక్కుంది. ఒక చెయ్యి నేల మీద ఊనింది. నెలలు నిండలేదు, ఇంకా వేళ కాలేదు. అయినా నొప్పి ఆగలేదు. ఆమె సత్తియ్య వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఏడుపు లేదు. ఇక్కడ కననన్నాను కదయ్యా అని మాత్రమే ఉంది.

"మంత్రసానిని పిలుత్తాను," అంటూ సత్తియ్య తలుపు వైపు పోయి ఆగాడు. బయటకి పోతే తలుపు తెరిచే ఉంటుంది. లోపలినుంచి తోసి మూశాడు. చెయ్యి తియ్యగానే గాలికి మళ్ళీ తెరుచుకుంది. చేత్తో గడియ కోసం తడిమాడు. తండ్రి ఊడబీకిన చోట చెక్క మీద ఒక గుంట మాత్రం వేళ్ళకి తగిలింది. కేక వేసి ఎవరినైనా పిలవాలని నోరు తెరిచాడు గానీ, అతని పిలుపుకి ఆ మిట్ట ఎక్కి వచ్చేవాళ్ళెవరూ ఇప్పుడు ఆ పాలెంలో లేరు.

తలుపు మూసి, వీపు ఆనించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి కూలబడ్డాడు. ఎదురుగా భార్య మూలుగుతోంది. పక్కన వీరన్న తల ఎత్తకుండా కూచుని ఉన్నాడు. బయట నుంచి గాలి తోస్తూనే ఉంది. సత్తియ్య ప్రాణమంతా పెట్టి ఆ తలుపుని ఆపాడు. లోపలికి రావలసినవాడు వచ్చేశాక, ఇంక ఎవరిని ఆపుతున్నాడో అతనికే తెలీలేదు.